ప్రోటీన్ తయారుచేయని ఆర్‌ఎన్‌ఏకు రక్తనాళాల్లో ఏం పని?

చిరంజీవులకు ఆశీస్సులు.

డీఎన్‌ఏలోని సమాచారం ఆర్‌ఎన్‌ఏగా మారుతుందనీ, దాని ఆధారంగా ప్రోటీన్ తయారవుతుందనీ మీ జీవశాస్త్ర పుస్తకంలో చదివే ఉంటారు. అయితే మన డీఎన్‌ఏలో ప్రోటీన్లకు నేరుగా సంకేతాలిచ్చే భాగం నూటికి 2 వంతులైనా లేదు. మిగిలిన దానిలో చాలా భాగం నుంచి కూడా ఆర్‌ఎన్‌ఏ పుడుతుంది. అందులో కొంత ఎందుకూ కొరగానిదే కావచ్చు గాని, కొన్ని మాత్రం ధమనుల ఆరోగ్యాన్ని శాసిస్తాయి.

వీటిలో బాగా అర్థమైనవి మైక్రోఆర్‌ఎన్‌ఏలు. ఆర్‌ఎన్‌ఏ గొలుసులోని ఒక్కో రసాయన కూర్పును ఒక అక్షరమనుకుంటే, ఒక్కొక్కటి సుమారు 22 అక్షరాల పొడవుంటుంది. విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ 1993లో మొదటిదాన్ని ఒక చిన్న నులిపురుగులో వివరించినప్పుడు, అదేదో పురుగుకే పరిమితమైన వింత అనుకున్నవారే ఎక్కువ. 2000లో రెండోది బయటపడి, అది మనుషుల్లోనూ ఉందని తేలాక ఆ అభిప్రాయం మారింది. వారిద్దరికీ నోబెల్ రావడానికి 2024 దాకా పట్టింది. ప్రోటీన్ తయారీకి ఆదేశాలు మోసుకెళ్లే సందేశవాహక ఆర్‌ఎన్‌ఏకు మైక్రోఆర్‌ఎన్‌ఏ అతుక్కుని, చెరువు తూము నీటిని అదుపు చేసినట్లు, ఆ తయారీని తగ్గిస్తుంది.

ధమని లోపొర కణాల్లో మైక్రోఆర్‌ఎన్‌ఏ-126 సమృద్ధిగా ఉంటుంది. తెల్లరక్తకణాలు గోడకు అంటుకోవడానికి తోడ్పడే వీకామ్-1 అనే ప్రోటీన్‌ను అది అణచి ఉంచుతుంది. ఆ అదుపు సడలితే తెల్లరక్తకణాలు గోడలోకి చొరబడడం సులువవుతుంది. అవే అక్కడ కొలెస్టరాల్‌ను మింగి ఉబ్బి, పూడికకు పునాది వేస్తాయి. మైక్రోఆర్‌ఎన్‌ఏ-33 తీరు ఇందుకు భిన్నం. కణం తనలోని కొలెస్టరాల్‌ను బయటికి పంపడానికి వాడుకునే ఏబీసీఏ1 ప్రోటీన్‌నే అది తగ్గిస్తుంది. కొలెస్టరాల్ తయారీని పెంచే జన్యువు లోపలే దాని సంకేతం ఉండడం నాకు మహా చమత్కారంగా తోస్తుంది: ఒకే చోటినుంచి ఒకటి ఉత్పత్తిని పెంచుతుంటే, మరొకటి ఉన్న సరుకు బయటికి పోకుండా చూస్తోంది.

అలాగైతే ఆ 33ను అడ్డుకుంటే సరిపోదా అని మీరు అడుగుతారు. అంత తేలిక కాదు. ఒక్కో మైక్రోఆర్‌ఎన్‌ఏ ఎన్నో జన్యువులను తాకుతుంది గనుక, ఒక మేలుకు తోడు అనుకోని కీడూ రావచ్చు. అందుకే ఒకే ఒక్క సందేశాన్ని నరికేలా మనుషులు కూర్చిన చిన్న ఆర్‌ఎన్‌ఏలు ముందుగా మందులయ్యాయి. ఐరోపాలో 2020లో, అమెరికాలో 2021లో అనుమతి పొందిన ఇన్‌క్లిసిరాన్ అలాంటిదే. రక్తంలోని చెడు కొలెస్టరాల్‌ను కాలేయం లాగేసుకోకుండా అడ్డుపడే పీసీఎస్‌కే9 ప్రోటీన్ తయారీని అది కాలేయంలో అణచి, రక్తంలోని చెడు కొలెస్టరాల్‌ను దాదాపు సగానికి తగ్గిస్తుంది. మొదటి సూది తర్వాత మూడు నెలలకు రెండోది, ఆపైన ఆరు నెలలకొకటి చాలు. దానికి తగిలించిన చక్కెర అణువును కాలేయ కణాలు గుర్తుపట్టి లోపలికి తీసుకుంటాయి. ధమని గోడలోని కణాలకు మందును అంత కచ్చితంగా చేర్చడమే ఇప్పటికీ కష్టంగా ఉంది.

ఇట్లు,
మీ తాతయ్య