అడవి కాయడానికి పిలిచారు, ప్లాన్ రాయడానికి పిలవలేదు

నల్లమలలో పులి అడుగు చూసి అది ఆడదో మగదో, ఎటు పోయిందో, ఎంతసేపైందో చెప్పాలంటే ఫారెస్టు వాళ్లు అడవి కాపలా కాసే చెంచు వాచర్‌నే అడుగుతారు. అదే అడవిని ఎలా కాపాడాలో ప్లాన్ రాసే రోజున ఆ మనిషికి కుర్చీ వేయరు. ఇది నిన్నా మొన్నా మొదలైంది కాదు, దీని వెనక దాదాపు రెండు వందల ఏళ్ల కథ ఉంది.

ముందు శ్రీహరికోట సంగతి చూద్దాం. ఇప్పుడు తిరుపతి జిల్లాలోకి పోయింది గానీ అది మన ఉమ్మడి నెల్లూరే. 1835లో ఈస్టిండియా కంపెనీ సర్కారు ఆ దీవిని చేతిలోకి తీసుకునేసరికి అక్కడ ఉన్నది యానాదులు. అద్దకానికి వాడే చిరివేరు ఎక్కడ దొరుకుతుందో, తేనె ఏ కాలంలో తీయాలో వాళ్లకే తెలుసు కాబట్టి అవన్నీ తెప్పించుకుని బదులుగా తిండిగింజలు ఇచ్చేవాళ్లు. అంటే ఆ తెలివి విలువ దొరలకు బాగానే తెలుసు, కాకపోతే దాన్ని కూలి కింద జమకట్టారు. 1882 మద్రాసు అటవీ చట్టంతో రిజర్వు అడవులు వచ్చాయి, అడవిలో ఏం చేయాలన్నా సర్కారు అనుమతి కావాల్సి వచ్చింది. 1970 ప్రాంతంలో రాకెట్ కేంద్రం కోసం యానాదులను ఆ దీవి నుంచే పంపేశారు.

ఉమ్మడి ప్రకాశం వైపు యర్రగొండపాలెం, దోర్నాల చెంచులదీ ఇదే దారి. 1978లో అక్కడి అడవిని అభయారణ్యం చేశారు, 1983లో పులుల రక్షణకని ప్రాజెక్ట్ టైగర్ కిందికి తెచ్చారు. అడవిలో మనిషి ఉంటే అడవికి చేటు అన్న లెక్కతో గూడేలను బయటికి తరలించాలనే మాట అప్పటి నుంచీ నడుస్తూనే ఉంది. కానీ చెంచులు తేనె తీసే పద్ధతి చూడండి. కొండ అంచు నుంచి తాడు మీద దిగుతారు, పైన ఆ తాడు పట్టుకునేది బావమరిది. తాడు వదిలితే సొంత అక్కో చెల్లెలో ముండమోస్తుంది కదా, అందుకే ఆ పని అతనికే అప్పజెబుతారు. పట్టు మొత్తం కోసేయకుండా ఈగలకు కొంత వదులుతారు. ఇంత నియమం పెట్టుకున్న వాళ్లను అడవికి ముప్పు అని రాయడం నాకైతే అన్యాయంగా కనిపిస్తుంది.

జనం ఉన్నా ప్రాణులు బతుకుతాయనడానికి మన ఉమ్మడి నెల్లూరులోని నేలపట్టు ఊరే సాక్ష్యం. చెరువులో కడప చెట్ల మీద గూడబాతులు గూళ్లు కడతాయి, వాటి రెట్ట కలిసిన నీళ్లు పొలానికి బలమని రైతులు వాటి జోలికి పోలేదు. 1976లో దాన్ని పక్షుల కేంద్రంగా ప్రకటించారు, కానీ అంతకు చాలా ముందు నుంచే ఊరు వాటిని కాచింది.

కాగితం మీద మార్పు ఆలస్యంగా వచ్చింది. 2002 జీవవైవిధ్య చట్టం కింద స్థానిక సంస్థల స్థాయిలో కమిటీలు, ఆ ఊరి మొక్కలు, ప్రాణులు, వాటి గురించి జనానికి తెలిసిన సంగతులు రాసుకునే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లు రావాలి. 2006 అటవీ హక్కుల చట్టం తన పీఠికలోనే ఆదివాసులకు చారిత్రక అన్యాయం జరిగిందని ఒప్పుకుంది, సంప్రదాయ జ్ఞానం మీద సమష్టి హక్కును, అడవిని కాపాడుకునే హక్కును ఇచ్చింది. అదే ఏడాది వన్యప్రాణి చట్టానికి చేసిన సవరణ కూడా టైగర్ రిజర్వ్ నుంచి ఎవరినీ బలవంతంగా పంపకూడదనే చెబుతోంది. 2022లో మాంట్రియల్ జీవవైవిధ్య సదస్సులో ప్రపంచ దేశాలు 2030కల్లా 30 శాతం నేల, 30 శాతం సముద్రం కాపాడాలని ఒప్పుకున్నప్పుడు మూలవాసుల హక్కులను గౌరవించాలన్న మాట కూడా అందులో రాశారు.

అమలు దగ్గరే అసలు చిక్కు. ఆ జీవవైవిధ్య రిజిస్టర్లకు పర్యావరణ కేసులు చూసే గ్రీన్ ట్రిబ్యునల్ 2020 జనవరి 31ని గడువుగా పెట్టేసరికి దేశమంతా హడావుడిగా పూర్తి చేయాల్సి వచ్చింది. అలాంటి తొందరలో ముసలి చెంచమ్మ పక్కన కూర్చుని ఏ గడ్డ ఎప్పుడు తవ్వాలో, ఎంత వదలాలో ఎవరు రాసుకుంటారు? జీవవైవిధ్య చట్టానికి చేసిన 2023 సవరణతో, క్రోడీకరించిన, అంటే గ్రంథాల్లోకి ఎక్కిన సంప్రదాయ జ్ఞానాన్ని వాడుకునేవాళ్లకు లాభంలో వాటా ఇవ్వక్కర్లేదని మినహాయింపు కూడా వచ్చింది.

నల్లమలకు ఇకమీద ఏ ప్లాన్ రాసినా ముసాయిదాను ముందు గూడెంలో తెలుగులో చదివి వినిపించాలి, గ్రామసభ చెప్పిన అభ్యంతరాలు అందులో కలపాలి, పులి జాడ చెప్పే వాచర్‌కు ఆ కమిటీలో ఓటుండాలి.