తెర మీది రంగులు: ఒక వెబ్ డిజైనర్ గమనించిన అపోహలు, వాస్తవాలు

వెబ్ డిజైన్ అనగానే చాలామందికి ముందుగా గుర్తొచ్చేది రంగులే. పని ఒప్పుకున్న రోజు నుంచి అప్పగించే రోజు దాకా నాకు వచ్చే సూచనల్లో, అభ్యంతరాల్లో ఎక్కువ భాగం వాటి గురించే ఉంటాయి. వాటిలో కొన్ని అనుభవం నుంచి వచ్చినవి, వాటిని నేను ఎంతో గౌరవంతో స్వీకరిస్తాను. మరికొన్ని ఎవరో ఎప్పుడో అన్న మాటలు నోటినోటా పాకి నియమాలుగా స్థిరపడినవి. ఆ నియమం తప్పైనప్పుడు నష్టపోయేది డిజైనరూ కాదు, వెబ్‌సైట్ యజమానీ కాదు. పేజీలో ఏముందో చదవలేక ఫోన్ పక్కన పెట్టేసే మనిషే నష్టపోతాడు. అతని వైపు నుంచి చూస్తూ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

అపోహ: కోడ్ ఒకటే అయితే రంగు ఎక్కడైనా ఒకేలా కనిపిస్తుంది.

వెబ్ పేజీలో ప్రతి రంగునూ ఒక కోడ్‌తో రాస్తాం. ఆ కోడ్ చెప్పేది ఒక్కటే: ఎరుపు, ఆకుపచ్చ, నీలం కాంతులను ఎంతెంత వెలిగించాలో. ఒక్కో కాంతికి 256 స్థాయులు ఉంటాయి కాబట్టి మొత్తం 1,67,77,216 కలయికలు సాధ్యమవుతాయి. ఫోన్ తెర మీద ఒక చిన్న నీటి చుక్క వేసి, దాని గుండా ఒక పసుపు బొమ్మను చూడండి. చుక్క భూతద్దంలా పనిచేసి తెర మీది చుక్కలను పెద్దవి చేసి చూపిస్తుంది. అక్కడ పసుపు అనేదే ఉండదు, ఎరుపు చుక్కలూ ఆకుపచ్చ చుక్కలూ పక్కపక్కన వెలుగుతుంటాయి. పసుపు పుట్టేది మన కంటిలో, మెదడులో.

కంటిలో పుట్టే రంగు చుట్టుపక్కల ఏముందనే దానిమీద ఆధారపడుతుంది. ఈ సంగతిని క్రమపద్ధతిలో వివరించినవాడు ఫ్రెంచి రసాయన శాస్త్రవేత్త మిషెల్ యూజీన్ షెవ్రల్. ప్యారిస్‌లోని గోబెలిన్ వస్త్రశాలలో అద్దకం విభాగం బాధ్యత ఆయనకు 1824లో అప్పగించారు. నల్ల దారం తగినంత నల్లగా లేదని అక్కడ ఫిర్యాదులు ఉండేవి. ఆయన పరీక్షించి చూస్తే లోపం అద్దకంలో లేదు. పక్కన నేసిన నీలం, ఊదా దారాల వల్లే నలుపు వెలిసినట్లు అనిపిస్తోందని తేలింది. తన పరిశీలనలన్నిటినీ ఆయన 1839లో ప్రచురించాడు.

దాదాపు అదే ఫిర్యాదు నాకూ ఎదురైంది. ఒకే పేజీలో రెండు రకాల నారింజ రంగులు వాడానని ఒక క్లయింట్ బాధపడ్డారు. రెండు చోట్లా కోడ్ ఒకటే. కానీ ఒక బటన్ ముదురు నీలం పట్టీ మీద ఉంది, రెండోది తెల్లటి నేల మీద ఉంది. నీలం మీద ఉన్నది మెరుస్తోంది, తెలుపు మీద ఉన్నది మట్టి రంగుకు దిగిపోయింది. కోడ్ చూపించి వాదించడం సులభమే, కానీ ఆయన కన్ను అబద్ధం చెప్పలేదు. తెలుపు మీద ఉన్న బటన్ రంగును నేను కొద్దిగా మార్చాను. అప్పుడే రెండూ ఒకేలా ఉన్నాయని ఆయనకు అనిపించింది.

అపోహ: లేత బూడిద రంగు అక్షరాలు హుందాగా ఉంటాయి, చదవడానికి ఇబ్బందేమీ ఉండదు.

నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టే అపోహ ఇదే, ఎందుకంటే దీన్ని నమ్మేవాళ్ళలో డిజైనర్లే ఎక్కువ. మంచి తెర ముందు, వెలుతురు సరిచేసిన గదిలో కూర్చుని పనిచేసేవారికి లేత అక్షరాలు నిజంగానే బాగుంటాయి. చదివేవారు ఆ గదిలో ఉండరు.

అక్షరానికీ వెనుక నేలకూ మధ్య ఉండే కాంతి తేడాను కాంట్రాస్ట్ నిష్పత్తి అంటారు. తెలుపు మీద నలుపుకు అది 21:1, అంతకు మించి సాధ్యం కాదు. వెబ్ ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్టియం, పేజీలు అందరూ చదవగలిగేలా ఉండాలని 2008లో విడుదల చేసిన మార్గదర్శకాల రెండో సంస్కరణ ప్రకారం మామూలు పరిమాణంలోని అక్షరాలకు కనీసం 4.5:1, పెద్ద అక్షరాలకు కనీసం 3:1 ఉండాలి. తెలుపు మీద 767676 అనే కోడ్ ఉన్న బూడిద రంగు 4.54 తెచ్చుకుని గట్టెక్కుతుంది. దానికంటే ఒకే ఒక్క మెట్టు లేతదైన 777777 రంగుకు 4.48 మాత్రమే వస్తుంది కాబట్టి అది గట్టెక్కదు. ఈ రెండిటినీ పక్కపక్కన పెట్టినా తేడా కనిపెట్టడం కష్టం. ఆ సంఖ్య ఇంతకంటే కిందికి దిగవద్దని గీసిన గీత మాత్రమే, అక్కడే ఆగిపొమ్మని కాదు. చాలామంది సరిగ్గా ఆ గీత మీద నిలబడి పని అయిపోయిందనుకుంటారు.

ఆరుబయట ఎండలో ఏమవుతుందో లెక్క వేసి చూద్దాం. తెర మీది తెలుపు ఇచ్చే కాంతిలో సగమంత వెలుతురు అద్దం మీద పడి వెనక్కి వస్తోందనుకోండి. ఆ వెలుతురు తెలుపుకూ నలుపుకూ సమానంగా కలుస్తుంది. అప్పుడు తెలుపు ఒకటిన్నర, నలుపు అర అవుతాయి కాబట్టి 21:1 కాస్తా 3:1కి పడిపోతుంది. గట్టెక్కామనుకున్న ఆ బూడిద రంగు సుమారు 2.2:1 దగ్గర ఆగుతుంది. ఎండలో చేతిని గొడుగులా అడ్డం పెట్టుకుని ఫోన్ చదివే ప్రతి మనిషీ ఈ లెక్కను కళ్ళతో అనుభవిస్తున్నవాడే.

ఇక్కడే మరో సంగతి చెప్పాలి. మన కంటికి మూడు కాంతులూ సమానం కావు. ప్రకాశాన్ని లెక్కించే సూత్రంలో ఆకుపచ్చ వాటా 71.52 శాతం, ఎరుపు వాటా 21.26 శాతం, నీలం వాటా 7.22 శాతం. అందువల్ల తెలుపు మీద నిండు నీలం 8.59:1తో హాయిగా చదవగలిగేలా ఉంటుంది. నిండు ఎరుపు 4:1 దగ్గర ఆగిపోతుంది. ఆకుపచ్చ 1.37:1కి, పసుపు 1.07:1కి జారిపోతాయి. తెలుగులో ఎవరైనా “పచ్చ రంగు పెట్టండి” అంటే ఆకుపచ్చా, పసుపుపచ్చా అని అడిగి తెలుసుకోవాలి. ఆ జవాబు ఏదైనా సరే, తెల్లటి నేల మీద అక్షరాలకు మాత్రం నిండు పచ్చ పనికిరాదు.

అపోహ: తప్పును ఎరుపులో, ఒప్పును ఆకుపచ్చలో చూపిస్తే అందరికీ అర్థమవుతుంది.

ఎరుపు, ఆకుపచ్చల తేడాను పట్టుకోలేని కళ్ళు మనం అనుకునేంత అరుదు కావు. ఉత్తర ఐరోపా సంతతి పురుషుల్లో దాదాపు 12 మందిలో ఒకరికి, స్త్రీలలో సుమారు 200 మందిలో ఒకరికి ఏదో ఒక స్థాయిలో ఈ లోపం ఉంటుంది. ఇతర ప్రజల్లో ఈ వాటా మారుతుంది కానీ లేకుండా పోదు. ఈ రెండు కాంతులను గుర్తించే వర్ణకాల జన్యువులు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటాయి. పురుషులకు అది ఒక్కటే కాబట్టి లోపం వాళ్ళలోనే ఎక్కువగా బయటపడుతుంది.

నేను వృత్తిలోకి వచ్చిన కొత్తలో చేసిన ఒక ఫారమ్‌లో, పూరించని గడి చుట్టూ ఉన్న బూడిద గీత ఎర్రగా మారేది. అంతకు మించి ఏ సూచనా లేదు. దాన్ని పరీక్షించడానికి కూర్చున్న ఒకాయన “పంపు” బటన్‌ను నాలుగుసార్లు నొక్కి, ఇది పనిచేయడం లేదని మర్యాదగా చెప్పారు. నా కంటికి తెర మీద రెండు ఎర్ర గడులు స్పష్టంగా కనిపిస్తున్నాయి. ఆయన కంటికి గడులన్నీ ఒక్కలాగే ఉన్నాయి. ఆ తర్వాత నేను చేసిన ఏ ఫారమ్‌లోనూ రంగును ఒంటరిగా వదల్లేదు. గడి కింద “ఫోన్ నంబరులో ఒక అంకె తక్కువైంది” అని ఒక వాక్యం, పక్కన ఒక గుర్తు, కాస్త మందమైన గీత ఉంటాయి. రంగు వాటికి తోడుగా మాత్రమే వస్తుంది.

అపోహ: నీలం నమ్మకాన్ని ఇస్తుంది, ఎరుపు తొందరపెడుతుంది, ఆకుపచ్చ శాంతపరుస్తుంది.

ఇలాంటి పట్టికలు చూసి రంగులు ఎంచుకోవడం నేను మానేశాను. రంగుకు అర్థం ఇచ్చేది సందర్భం, అలవాటు. చాలా దేశాల స్టాక్ మార్కెట్ తెరల మీద ఎరుపు అంటే ధర పడిపోవడం, చైనాలో అదే ఎరుపు ధర పెరిగిందని చెబుతుంది. బటన్‌ను ఎర్రగా మారిస్తే నొక్కేవారు పెరిగారని చెప్పే సందర్భాల్లో కూడా, ఆ పేజీలో మిగతాదంతా నీలంగా ఉందా, ఆ ఎరుపు ఒక్కటే వేరుగా నిలబడిందా అన్నది ముందు చూడాలి. ఒకేలాంటి వస్తువుల మధ్య వేరుగా ఉన్నది మనసులో నిలుస్తుందని జర్మన్ మనస్తత్వ శాస్త్రవేత్త హెడ్విగ్ వాన్ రెస్టార్ఫ్ 1933లోనే చూపించింది. అంతా ఎర్రగా ఉన్న పేజీలో ఎర్ర బటన్ ఎవరి కంటా పడదు.

అపోహ: ముదురు నేల మీద లేత అక్షరాలు చూపించే డార్క్ మోడ్ కళ్ళకు మంచిది, బ్యాటరీనీ బాగా ఆదా చేస్తుంది.

బ్యాటరీ సంగతి తెర రకాన్ని బట్టి ఉంటుంది. ఓలెడ్ తెరలో ప్రతి చుక్కా తనంతట తానే వెలుగుతుంది కాబట్టి నలుపు చూపించాలంటే ఆ చుక్క ఆరిపోతే చాలు. మామూలు ఎల్‌సీడీ తెరలో వెనుక దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, నలుపు దానికి అడ్డుపెట్టిన తెర వంటిది. అక్కడ ఆదా దాదాపు ఉండదు. ఓలెడ్‌లో కూడా ఎంత ఆదా అన్నది వెలుతురును బట్టి మారుతుంది. అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2021లో కొలిచి చూస్తే, తెర వెలుతురు 30 నుంచి 50 శాతం ఉన్నప్పుడు సగటున 3 నుంచి 9 శాతం శక్తే మిగిలింది. వెలుతురును పూర్తిగా పెంచినప్పుడు మాత్రం 39 నుంచి 47 శాతం దాకా మిగిలింది.

కళ్ళ సంగతి ఇంకాస్త జాగ్రత్తగా మాట్లాడాలి. ముదురు తెరను చూసేటప్పుడు కంటిపాప విప్పారుతుంది. అది విప్పారితే కంటిలోని చిన్న చిన్న లోపాల ప్రభావం పెరిగి, అక్షరాల అంచులు చెదిరినట్లు కనిపిస్తాయి. ఆస్టిగ్మాటిజం (కంటి వంపు సమంగా లేని లోపం) ఉన్నవారికి నలుపు మీది తెల్ల అక్షరాల చుట్టూ పొగలాంటి వలయం కనిపించడం మామూలే. మరోవైపు, కాంతిని భరించలేని కళ్ళకూ, చీకటి గదిలో చదివేవారికీ అదే డార్క్ మోడ్ ఊరట. కాబట్టి నేను రెండూ సిద్ధం చేసి, ఎంపికను చదివేవారికి వదిలేస్తాను. ముదురు పేజీలో కూడా కటిక నలుపు మీద తెల్లటి తెలుపు పెట్టను, రెండిటినీ కొద్దిగా దగ్గరకు తెస్తాను.

అపోహ: తెర నుంచి వచ్చే నీలి కాంతి వల్లే కళ్ళు అలసిపోతాయి.

నీలి కాంతిని వడగట్టే కళ్ళద్దాలపై జరిగిన 17 ప్రయోగాలను, వైద్య పరిశోధనలను సమీక్షించే కోక్రేన్ సంస్థ 2023లో సమీక్షించింది. మామూలు అద్దాలతో పోలిస్తే వాటివల్ల కంటి అలసట తగ్గినట్లు, కనీసం కొద్దికాలపు వాడకంలోనైనా, ఆధారం కనిపించలేదు. తెర చూసేటప్పుడు మనం రెప్పలు వేయడం బాగా తగ్గిస్తాం, కన్ను పొడిబారడానికి ముఖ్య కారణం అదే. దానికి తోడు చిన్న అక్షరాలు, ఇరుకైన వరుసలు ఉంటే కన్ను మరింత శ్రమపడుతుంది. ఆ రెండో భాగం పూర్తిగా మా డిజైనర్ల చేతిలో ఉన్నదే.

అపోహ: రోమన్ లిపికి కుదిరిన కొలతలే తెలుగుకూ సరిపోతాయి.

తెలుగు చదివేవారికి రోజూ జరుగుతున్న అన్యాయం ఇది. “స్త్రీ” అనే ఒక్క అక్షరాన్ని చూడండి. కంప్యూటర్ లోపల అది ఆరు సంకేతాలు: స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘపు గుడి. తెర మీద గుడి పైకి లేస్తుంది, ఒత్తులు కిందికి దిగుతాయి. రోమన్ లిపిని దృష్టిలో పెట్టుకుని వరుసల మధ్య ఎడాన్ని బిగించిన పేజీలో పై వరుస ఒత్తులు కింది వరుస గుడులకు తగులుతాయి. బటన్ ఎత్తు చాలకపోతే ఒత్తు సగానికి తెగిపోతుంది. ఒత్తు తెగితే మాటే మారిపోవచ్చు. నేను తెలుగు పేజీల్లో వరుస ఎత్తును అక్షర పరిమాణానికి 1.6 రెట్ల దగ్గర మొదలుపెట్టి, ఫాంట్‌ను బట్టి 1.8 దాకా తీసుకెళ్తాను. అక్షరాల మధ్య ఎడం పెంచే అలంకారాన్ని అసలు వాడను. తెలుగులో ఇంగ్లిష్‌లోలా పెద్దబడి (క్యాపిటల్), చిన్నబడి అక్షరాలు లేవు కాబట్టి శీర్షిక తేడాను పరిమాణంతో, మందంతోనే చూపించాలి. అనువాదం వచ్చాక చూద్దాంలే అని వాయిదా వేసిన పనుల్లో ఇవన్నీ చివరి రోజున బయటపడతాయి.

అపోహ: గుర్తు ఉంటే మాట అక్కర్లేదు.

మూడు అడ్డగీతల మెనూ గుర్తును డిజైనర్ నార్మ్ కాక్స్ జిరాక్స్ స్టార్ కంప్యూటర్ కోసం గీశాడు, ఆ యంత్రం 1981లో వచ్చింది. ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ గీతల కింద “మెనూ” అని రాస్తే వెతుకులాట తగ్గడం నేను చూస్తూనే ఉన్నాను. బ్రౌజర్‌లోని తాళం గుర్తు ఇంకా ప్రమాదకరం. మనం పంపే సమాచారం దారిలో ఇతరులు చదవలేరని మాత్రమే దాని అర్థం, అవతల ఉన్నది నిజాయితీ గల సైట్ అని కాదు. మోసపు సైట్లకూ ఆ తాళం ఉంటుంది. జనం దాన్ని అపార్థం చేసుకుంటున్నారని గ్రహించి, గూగుల్ 2023లో క్రోమ్ నుంచి ఆ బొమ్మను తీసేసి మరో గుర్తు పెట్టింది.

అపోహ: ఫొటో ఎంత పెద్దదైతే అంత స్పష్టంగా కనిపిస్తుంది.

4000 అడ్డం, 3000 నిలువు పిక్సెళ్ళ ఫొటోలో 1 కోటి 20 లక్షల చుక్కలు ఉంటాయి. 1080 పిక్సెళ్ళ వెడల్పున్న ఫోన్ తెర దానిలో దాదాపు 9 లక్షల చుక్కలనే చూపించగలదు. మిగతావన్నీ చదివేవారి డేటాను, సమయాన్ని ఖర్చు చేయడానికే వస్తాయి.

అపోహ: డిజైనర్ తెర మీద బాగుంటే చాలు.

పేజీ పూర్తయ్యాక నేను దాన్ని ఒక పాత ఫోన్‌లో తెరుస్తాను, వెలుతురు సగానికి తగ్గించి బయట నిలబడి చదువుతాను. తర్వాత ఫోన్ సెట్టింగుల్లో రంగులన్నీ తీసేసి, తెరను పూర్తిగా బూడిదగా మారుస్తాను. ఈ సదుపాయం ఇప్పుడు చాలా ఫోన్లలో ఉంది. ఆ బూడిద తెర మీద ఏది బటన్, ఏది మామూలు మాట, ఎక్కడ తప్పు దొర్లింది అన్నవి నాకు వెతుక్కోకుండా కనిపించకపోతే, ఆ పేజీ రంగుల పనిని మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతాను.