సొంత మెయిల్ సర్వర్: అపోహలు - వాస్తవాలు

తిరుపతి కాలేజీలకు, చిత్తూరు వైపు మామిడి గుజ్జు ఫ్యాక్టరీలకు మెయిల్ సర్వర్లు చూసే పని నాది. యూజర్లు పెరుగుతున్న చోటల్లా ఈ మాటలే వింటుంటాను.

అపోహ: ఇన్‌స్టాల్ చేస్తే పని అయిపోయినట్టే.

వాస్తవం: మెయిల్స్ పంపి, అందుకునే పోస్ట్‌ఫిక్స్, మెయిల్‌బాక్సులు తెరిచి చూపే డవ్‌కాట్ ఎక్కించడానికి ఒక పూట చాలు. ఆ తర్వాత సంవత్సరాల తరబడి దాన్ని చూసుకునేదెవరో తేల్చుకున్నాకే ఏది పెట్టాలో ఆలోచించండి. లైనక్స్ తెలిసిన మనిషి లేకపోతే ఐరెడ్‌మెయిల్, మెయిల్‌కౌ లాంటి రెడీమేడ్ సెటప్‌లే మేలు. అందులో నామోషీ ఏమీ లేదు.

అపోహ: ఒక్కో ఉద్యోగికి ఒక్కో లైనక్స్ యూజర్‌ను పెడితే సరి.

వాస్తవం: పదిమంది ఉన్నప్పుడు సరే. కాలేజీలో ఏటా కొత్త బ్యాచ్ చేరుతుంటే ప్రతి అకౌంట్‌కూ రూట్ పాస్‌వర్డ్ (సర్వర్ మీద పూర్తి అధికారం ఇచ్చేది) ఉన్నవాళ్లే దిగాలి. అకౌంట్లన్నీ మైఎస్‌క్యూఎల్ డేటాబేస్ టేబుల్లో ఉంచి, పోస్ట్‌ఫిక్స్‌అడ్మిన్ అనే వెబ్ పేజీ ఇస్తే ఆఫీసు క్లర్కే చేసేస్తారు.

మెయిల్స్ దాచే పద్ధతి కూడా మొదట్లోనే ఎంచుకోవాలి. ఎంబాక్స్‌లో ఫోల్డరంతా ఒకే ఫైలు. పాత మెయిల్ ఒకటి తీసేసినా ఆ ఫైలును తిరగరాయాల్సి వస్తుంది. మెయిల్‌డిర్‌లో ఒక్కో మెయిల్ ఒక్కో ఫైలు కాబట్టి రాత్రి బ్యాకప్‌లో కొత్తగా వచ్చినవే కాపీ అవుతాయి.

అపోహ: సర్వర్ బాగుంటే మెయిల్ ఇన్‌బాక్స్‌కే పోతుంది.

వాస్తవం: ఎక్కువమంది ఇబ్బంది పడేది ఇక్కడే. తోతాపురి సీజన్‌లో ఫోన్ వస్తుంది: "సార్, బయ్యర్‌కు మన మెయిల్ అందలేదంట, ఒక తూరి చూడండి." లాగ్ తెరిస్తే అవతలి సర్వర్ 250 అని జవాబిచ్చి తీసుకున్నట్టే ఉంటుంది. మెయిల్ మాత్రం బయ్యర్ స్పామ్ ఫోల్డర్‌లో పడి ఉంటుంది. ఎస్‌పీఎఫ్ (మీ పేరుతో పంపగల సర్వర్ల జాబితా), డీకిమ్ (మెయిల్ మీద డిజిటల్ సంతకం), డీమార్క్ (ఆ పరీక్షల్లో తప్పిన మెయిల్‌ను ఏం చేయాలో చెప్పేది) మూడూ సరిగ్గా ఉండాలి. ఐపీ అడ్రస్‌ను బట్టి పేరు చెప్పే రివర్స్ డీఎన్‌ఎస్‌లో మీ సర్వర్ పేరే రావాలి, బ్రాడ్‌బ్యాండ్ కంపెనీ పెట్టిన పేరు కాదు. జీమెయిల్ 2024 ఫిబ్రవరి నుంచి పంపేవాళ్లందరికీ ఈ నియమాలను బిగించింది. రోజుకు 5,000 దాటి పంపేవాళ్లకైతే మరీ గట్టిగా. అడ్మిషన్ల ప్రచార మెయిల్స్‌ను ఆఫీసు మెయిల్ వెళ్లే ఐపీ నుంచి పంపనివ్వకండి, ప్రిన్సిపాల్ గారు అడిగినా సరే. స్పామ్ ముద్ర పడని మంచి ఐపీ దొరక్కపోతే మెయిల్‌బాక్సులు మీ దగ్గరే ఉంచుకుని, బయటికి వెళ్లేవాటిని రిలే సర్వీసుకు (మీ తరఫున మెయిల్స్ పంపిపెట్టే కంపెనీకి) అప్పగించండి. పోస్ట్‌ఫిక్స్‌లో రిలేహోస్ట్ అనే లైను, ఆ సర్వీసు ఇచ్చే పాస్‌వర్డ్‌తో లాగిన్ అయ్యే కొన్ని సెట్టింగులు చాలు. దాని సర్వర్లను మీ ఎస్‌పీఎఫ్‌లో చేర్చడం మరవకండి.

అపోహ: సర్వర్ గంట ఆగితే ఆ గంటలో వచ్చే మెయిల్స్ గల్లంతే. కాబట్టి ఒకటి ఆగితే ఇంకొకటి అందుకునే రెండు సర్వర్ల క్లస్టర్ తప్పదు.

వాస్తవం: మీ సర్వర్ పలకకపోతే పంపినవాళ్ల సర్వరే మెయిల్‌ను క్యూలో ఉంచుకుని మళ్లీ మళ్లీ ప్రయత్నిస్తుంది. పోస్ట్‌ఫిక్స్ అయితే మామూలుగా 5 రోజులు చూస్తుంది. రెండు వందల మంది ఉన్న ఆఫీసుకు క్లస్టర్ అంటే మరమ్మతు చేయాల్సినవి రెండింతలు కావడమే. ఆ డబ్బు వేరే చోట ఉండే బ్యాకప్ మీద పెట్టండి. పోయిన నెలలో డిలీట్ చేసిన మెయిల్ ఒకటి ఆ బ్యాకప్ నుంచి తీసి చూపించమని మీ అడ్మిన్‌ను ఈ వారమే అడగండి.