‘కౌంట్ ఎంత వచ్చింది?’

హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ కేంద్రం వరండాలో ఒకరినొకరు పలకరించుకునే మాట ఇది. కౌంట్ అంటే సీడీ4 కౌంట్, హెచ్‌ఐవీ దెబ్బతీసే రోగనిరోధక కణాల లెక్క. పోయినసారి 640 ఉన్నది ఈసారి 560 అని చీటీలో చూసి, ఆ రాత్రంతా నిద్ర పట్టనివారుంటారు. అంత భయపడవలసిన తేడా కాదది. పొద్దున తీసిన రక్తానికీ సాయంత్రం తీసినదానికీ కూడా ఆ అంకె మారుతుంది. చిన్న జ్వరం వచ్చినా తగ్గుతుంది.

మరి దానికింత పట్టు ఎందుకొచ్చింది? 2004 ఏప్రిల్ 1న ప్రభుత్వం ఉచితంగా ఏఆర్‌టీ మందులు ఇవ్వడం మొదలుపెట్టింది. హెచ్‌ఐవీ ఎక్కువగా ఉన్నాయని అప్పుడు ఎంచుకున్న ఆరు రాష్ట్రాల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఒకటి. పాజిటివ్ అని తేలగానే మందు చేతికి వచ్చే రోజులు కావవి. జబ్బు ముదరనైనా ముదరాలి, కౌంట్ 200 కిందికైనా దిగాలి. ఆ గీత తర్వాత 350కి, 500కి పెరిగి, 2017లో పూర్తిగా చెరిగిపోయింది. గీత పోయినా దాని భయం మిగిలింది. మందులు కూడా అప్పుడు వేరు: జిడోవుడిన్‌తో రక్తం తగ్గేది, నెవిరపిన్‌తో కాలేయం దెబ్బతినేది. అందుకే అన్ని రక్తపరీక్షలు.

ఇన్ని పరీక్షలూ అవసరమా అని తేల్చడానికి ఉగాండా, జింబాబ్వేల్లో 3,300 మందికి పైగా రోగులతో ‘డార్ట్’ అధ్యయనం జరిగింది. సగం మంది ఫలితాలు మూడు నెలలకోసారి డాక్టర్ల చేతికి వెళ్లేవి. మిగతా సగానికి డాక్టరు చూపే ఆధారం. ప్రమాదం కనిపిస్తే తప్ప ఫలితాలు ఇచ్చేవారు కాదు, సీడీ4 అయితే అసలే లేదు. అయిదేళ్లకు మొదటి గుంపులో 90 శాతం, రెండో గుంపులో 87 శాతం బతికి ఉన్నారు. మందుల దుష్ప్రభావాల కోసం క్రమం తప్పక చేసిన పరీక్షల వల్ల తేడా ఏమీ రాలేదు. సీడీ4 వల్ల వచ్చిన కొద్దిపాటి మేలు కూడా రెండో ఏడాది తర్వాతే కనిపించింది. ఆ మూడు శాతమూ మనుషులే, దాన్ని తీసిపారేయలేం. అయితే వారెవరికీ వైరల్ లోడ్, అంటే రక్తంలో వైరస్ ఎంత ఉందన్న లెక్క, చూస్తూ వైద్యం చేయలేదు.

మందు పనిచేస్తోందా లేదా అన్నది ముందుగా చెప్పేది వైరల్ లోడే. 2013లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దానికే పెద్దపీట వేసింది. అది అందుబాటులో ఉన్నచోట, నిలకడగా ఉన్నవారికి సీడీ4 ఆపేయవచ్చని ఆ తర్వాత చెప్పింది. మన దేశంలో అందరికీ వైరల్ లోడ్ పరీక్ష అన్న నిర్ణయం 2018 ఫిబ్రవరిలో గానీ అమలుకు రాలేదు.

చికిత్స మొదలుపెట్టేటప్పుడు, మధ్యలో మానేసి తిరిగి వచ్చినప్పుడు, వైరల్ లోడ్ పెరిగినప్పుడు సీడీ4 చూడవలసిందే. టెనోఫోవిర్ అనే హెచ్‌ఐవీ మందు వాడేవారి మూత్రపిండాలనూ కనిపెట్టి ఉండాలి. మందులు సరిగా వేసుకుంటూ, వైరస్ అదుపులో ఉన్న కూలీ మనిషిని మాత్రం కేవలం కౌంట్ కోసం తొలి బస్సెక్కించి, ఒక రోజు కూలి పోగొట్టడం అన్యాయం. ఆమె తప్పక అడగవలసింది ఒకటే: ‘ఈ ఏడాది నా వైరల్ లోడ్ తీశారా?’