ఐక్యూ పరీక్షకు అందని తెలివి

1904లో ఫ్రాన్స్ ప్రభుత్వం ఒక కమిషన్ వేసింది. మామూలు తరగతుల్లో పాఠం అందుకోలేని పిల్లల్ని గుర్తించి, వాళ్ళకు విడిగా ఎలా చదువు చెప్పాలో తేల్చడం దాని పని. ఆ అవసరం కోసమే మనస్తత్వవేత్త ఆల్ఫ్రెడ్ బినే, థియోడర్ సైమన్‌తో కలిసి 1905లో 30 అంశాల పరీక్ష తయారుచేశాడు. తెలివి పుట్టుకతోనే ఖాయమైపోతుందని, ఎంత నేర్పినా పెరగదని అనేవాళ్ళను బినే 1909లో గట్టిగా ఖండించాడు. రెండేళ్ళకే చనిపోయాడు. వెనకబడిన పిల్లలకు సాయం చేయడానికి పుట్టిన పరీక్ష ఆ తర్వాత మనుషుల్ని ఏరివేసే పనికి వాడుకలోకి రావడం నాకు ఇప్పటికీ బాధ కలిగిస్తుంది.

ఒక పిల్లవాడు ఏ వయసువాళ్ళ స్థాయి ప్రశ్నలకు జవాబు చెప్పగలడో అది అతని మానసిక వయసు. దాన్ని అసలు వయసుతో భాగించే పద్ధతిని మనస్తత్వవేత్త విలియం స్టెర్న్ 1912లో ప్రతిపాదించాడు. ఐక్యూ (ఇంటెలిజెన్స్ కోషెంట్) అన్న మాట అక్కడినుంచే వచ్చింది. 1916లో లూయిస్ టెర్మన్ అమెరికాలో బినే పరీక్షను తిరగరాసి ఐక్యూను జనంలోకి తెచ్చాడు. మొదటి ప్రపంచయుద్ధ కాలంలో అక్కడి సైన్యంలో సుమారు 17 లక్షల మందికి తెలివి పరీక్షలు పెట్టారు. ‘మందబుద్ధి’ అని ముద్ర వేసి, పిల్లలు పుట్టకుండా బలవంతంగా ఆపరేషన్ చేయడం చెల్లుతుందని 1927లో అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది.

ఈ కొలత చాలదని చెప్పినవాళ్ళు మొదటినుంచీ ఉన్నారు. 1920లో మనస్తత్వవేత్త ఎడ్వర్డ్ థార్న్‌డైక్ సామాజిక తెలివి గురించి, అంటే మనుషుల్ని అర్థం చేసుకుని మెలగడం గురించి రాశాడు. పెద్దల ఐక్యూ పరీక్షకు పేరుపడ్డ డేవిడ్ వెక్స్‌లర్ కూడా బుద్ధికి సంబంధించని అంశాలనూ లెక్కలోకి తీసుకోవాలని 1940ల్లోనే అన్నాడు. కానీ వాటిని నమ్మకంగా కొలిచే సాధనం అప్పటికి లేదు. కొలవలేనిదాన్ని పక్కన పెట్టేశారు.

భావోద్వేగం లేకుండా బుద్ధి ఎంతవరకు పనికొస్తుందో నాడీశాస్త్రవేత్త ఆంటోనియో డమాసియో పరిశీలించిన ఒక రోగి కథ చూపిస్తుంది. 1994లో వచ్చిన పుస్తకంలో ఆయన ఆ రోగిని ఎలియట్ అన్న మారుపేరుతో పరిచయం చేశాడు. మెదడు ముందుభాగంలో కణితి తీసేశాక కూడా అతని ఐక్యూ, జ్ఞాపకశక్తి, మాటతీరు బాగానే ఉన్నాయి. కానీ భావాలు మొద్దుబారాయి. ఏ కాగితం ముందు చూడాలి, ఏ పని తర్వాత చేయాలి అన్నదే తేల్చుకోలేక గంటలు గడిపేవాడు. ఉద్యోగం పోయింది, డబ్బు పోయింది, కాపురం నిలవలేదు. తన కష్టాలను మాత్రం ఎవరివో అన్నట్టు నిమ్మళంగా చెప్పేవాడు. ఏది తనకు ముఖ్యమో మనసు చెప్పకపోతే, ఎంత పదునైన తర్కానికైనా తెగని లెక్కలే మిగులుతాయని నేను నమ్ముతున్నాను.

మనస్తత్వవేత్తలు పీటర్ సాలోవే, జాన్ మేయర్ 1990లోనే ‘ఎమోషనల్ ఇంటెలిజెన్స్’ను శాస్త్రీయంగా నిర్వచించారు. భావాలను పసిగట్టడం, అర్థం చేసుకోవడం, ఆలోచనకు వాడుకోవడం, అదుపులో ఉంచుకోవడం దీని కిందికి వస్తాయని తర్వాత వివరించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో ఆ మాట ఇంటింటికీ చేరింది. దాంతో పాటు ఐక్యూ దండగ అన్న ప్రచారమూ మొదలైంది. అది తప్పు. గోల్‌మన్ మాటలు ఆధారాలను దాటిపోయాయని మేయరే అభ్యంతరం చెప్పాడు. చదువులోనూ ఉద్యోగంలోనూ రాణింపును ముందే అంచనా వేయడానికి ఐక్యూ ఇప్పటికీ గట్టి ఆధారమే. ఎమోషనల్ ఇంటెలిజెన్స్ ప్రభావం అన్ని పనుల్లో ఒకేలా ఉండదని, మనుషులతో మెలుగుతూ తన భావాలను అదుపు చేసుకోవాల్సిన ఉద్యోగాల్లోనే అది బాగా కనిపిస్తుందని 2010లో జోసెఫ్, న్యూమన్ అనే పరిశోధకులు పాత అధ్యయనాలను కలిపి చూసి చెప్పారు.