ఒరెగాన్ ట్రైల్ ఆట: అపోహలు - వాస్తవాలు

పర్లాకిమిడిలో తెలుగు ఇళ్ల పిల్లలకు చరిత్ర చెప్పేటప్పుడు వారిచేత ‘ఒరెగాన్ ట్రైల్’ అనే పాత కంప్యూటర్ ఆట ఆడిస్తాను. 1848లో అమెరికాలోని ఇండిపెండెన్స్ పట్టణం నుంచి సుమారు 3,200 కిలోమీటర్ల దూరాన ఉన్న ఒరెగాన్‌కు, ఎడ్లు లాగే బండిలో బయలుదేరిన వారిని ప్రాణాలతో చేర్చడమే ఈ ఆట.

అపోహ: ఇది కాలక్షేపానికి చేసిన ఆట, ఇందులో గెలుపంతా అదృష్టమే.

వాస్తవం: 1971లో మినియాపోలిస్‌లో ఉపాధ్యాయ శిక్షణ పొందుతున్న డాన్ రావిట్ష్ తన చరిత్ర తరగతి కోసం దీనిని తలపెట్టగా, ఆయన మిత్రులు బిల్ హైనెమన్, పాల్ డిల్లెన్‌బర్గర్ ప్రోగ్రాము రాశారు. అప్పట్లో దీనికి తెర కూడా లేదు. టెలిటైప్ యంత్రం ప్రతి సంగతినీ కాగితం మీద అచ్చువేసేది. ఆ తరువాత రావిట్ష్ నాటి వలసదారుల డైరీలు చదివి, ఏ ఆపద ఎంత తరచుగా ఎదురయ్యేదో గమనించి, ఆటలోని సంభావ్యతలను దానికి తగ్గట్టు సవరించారు. ఆపద రావడం మన చేతిలో లేకపోయినా, దానికి సిద్ధపడి ఉండటం మాత్రం పూర్తిగా మన చేతిలోనే ఉంది.

మనం ఎక్కువగా ఆడే 1985 నాటి రూపంలో కాన్సాస్ నది దగ్గరే ఇది తెలిసిపోతుంది. నది వెడల్పు, లోతు తెర మీద కనిపిస్తాయి. నేరుగా నీళ్లలో దిగవచ్చు, బండి సందులు పూడ్చి తేల్చవచ్చు, ఐదు డాలర్లిచ్చి బల్లకట్టు ఎక్కవచ్చు, లేదా నీరు తగ్గేదాకా ఆగవచ్చు. మా ఊరి మహేంద్రతనయ నది పొంగితే ఒడ్డునే ఆగిపోవాలని చిన్ననాటి నుంచి తెలిసిన మా పిల్లలే, ఆ ఐదు డాలర్లు మిగుల్చుకోవాలని లోతు నీటిలోకి బండి దింపి, బట్టలూ తిండీ ఎడ్లూ పోగొట్టుకుంటారు. అందుకే మీట నొక్కే ముందు లోతు ఎంతో పైకి చదవమంటాను.

అపోహ: వేట బాగా వస్తే చాలు.

వాస్తవం: ఎంత పెద్ద అడవిదున్నను కొట్టినా బండి దగ్గరికి మోసుకురాగలిగేది 100 పౌండ్ల మాంసమే. మిగిలినది అక్కడే వదిలేయాలి, తూటాలూ వృథా.

అపోహ: ఆట మొదట్లో మన వృత్తిగా బ్యాంకరును ఎంచుకోవడమే తెలివి.

వాస్తవం: బ్యాంకరుకు 1,600 డాలర్లు, వడ్రంగికి 800, రైతుకు 400 ఇస్తారు. అయితే చివరి మార్కులు వడ్రంగికి రెట్టింపు, రైతుకు మూడింతలు అవుతాయి.

అపోహ: దారిలో అసలు ప్రమాదం ఆదివాసులే.

వాస్తవం: ఇది నేను అన్నిటికన్నా గట్టిగా ఖండించే మాట. చరిత్రకారుడు జాన్ అన్రూ లెక్క ప్రకారం 1840-60 మధ్య ఆదివాసుల చేతిలో 362 మంది వలసదారులు చనిపోగా, వలసదారుల చేతిలో 426 మంది ఆదివాసులు చనిపోయారు. వేలాదిమందిని బలిగొన్నది రోగాలు, ముఖ్యంగా కలరా. ఆటలోనూ స్నేక్ నది దగ్గర బట్టలు తీసుకుని బండిని దాటించేది షోషోనీ తెగ ఆదివాసులే. కానీ బండి వెళ్తున్న నేల ఎవరిదో ఆట అడగదు. సవర ఆదివాసుల కొండలు చూస్తూ పెరిగిన పిల్లలున్న తరగతిలో ఆ ప్రశ్న నేనే వేస్తాను, జవాబు వచ్చేదాకా ఆట ముందుకు సాగనివ్వను.

అపోహ: ఎంత ముందు బయలుదేరితే అంత మేలు.

వాస్తవం: మార్చిలో వెళ్తే ఎడ్లకు గడ్డి దొరకదు, జూలైలో వెళ్తే కొండల్లో మంచు పట్టుకుంటుంది. కొత్తగా ఆడేవారు ఏప్రిల్ లేదా మే నెల ఎంచుకుని, ఎడ్లు, తిండి, బట్టలు కొన్నాకే తూటాల సంగతి చూసుకోవాలి.