చిన్న ట్యాంకులో పగడాలు: బరంపురంలో తరచూ వినే అపోహలు, అసలు సంగతులు

బరంపురం, ఛత్రపురం, పర్లాకిమిడి వైపు ఇళ్ళలో ఉప్పునీటి ట్యాంకులు పెట్టి, వాటి బాగోగులు చూడడం నా పని. ఈమధ్య యాభై, అరవై లీటర్ల ట్యాంకుల్లో పగడాలు పెంచాలనే సరదా పెరిగింది. ఎవరింటికి వెళ్ళినా ఇవే మాటలు.

అపోహ: "గోపాలపూర్ పక్కనే కదా, సముద్రం నీళ్ళు తెచ్చి పోసేస్తే పోలా?"

వాస్తవం: పగడపు దిబ్బలు మన్నార్ సింధుశాఖలో, లక్షద్వీప్‌లో, అండమాన్‌లో ఉన్నాయి. మన ఒడిశా తీరంలో లేవు. ఇక్కడ నదులు బురదనీ మంచినీటినీ తెచ్చి కలుపుతాయి. వానల తర్వాత రుషికుల్య పొంగితే ఒడ్డు దగ్గర ఉప్పు ఇంకా పలచబడుతుంది. పగడాలకు లీటరుకు సుమారు 35 గ్రాముల ఉప్పు ఉండాలి, అదీ మారకుండా ఉండాలి. మే నెలలో తెచ్చిన నీళ్ళూ అక్టోబరులో తెచ్చిన నీళ్ళూ ఒకటి కావు.

అపోహ: "అయితే మన గంజాం జిల్లా హుమ్మా మడుల ఉప్పు కలుపుకుంటాం. అదీ సముద్రం ఉప్పేగా!"

వాస్తవం: వినడానికి సబబుగా ఉంటుంది కాబట్టే చాలామంది నమ్ముతారు. ఉప్పు మడిలో జరిగేది వేరు. నీరు ఎండకు చిక్కబడేకొద్దీ ముందుగా కాల్షియం సున్నంగా, జిప్సంగా అడుక్కి దిగిపోతుంది. ఆ తర్వాతే ఉప్పు గడ్డకడుతుంది. మెగ్నీషియమేమో చివర్లో మిగిలే చేదునీళ్ళలో ఉండిపోతుంది, ఆ నీళ్ళు వేరుచేసేస్తారు. మన చేతికొచ్చేది దాదాపుగా సోడియం క్లోరైడే. సముద్రపు నీటిలో లీటరుకు 400 మిల్లీగ్రాములు దాటి కాల్షియం, 1300 దగ్గర మెగ్నీషియం ఉంటాయి. గట్టి పగడం తన గూడు కట్టుకునేది ఆ కాల్షియంతోనే. కూరలోకి హుమ్మా ఉప్పు బంగారం, ట్యాంకులోకి మాత్రం రీఫ్ సాల్ట్ అని అమ్మే మిశ్రమమే కావాలి. ఖరీదే, కానీ చిన్న ట్యాంకుకి ఒక బకెట్ చాలాకాలం వస్తుంది.

అపోహ: "ఇంట్లో ఆర్‌ఓ ఉందండీ, ఆ నీళ్ళు చాలు."

వాస్తవం: తాగేందుకు పెట్టిన ఆర్‌ఓల్లో చాలావాటికి రుచి కోసం కొంత మామూలు నీటిని కలిపే ఏర్పాటో, మినరల్ కార్ట్రిడ్జో ఉంటుంది. నీటిలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు పెట్టి చూడండి, సున్నా రాదు. బోరు నీటిలోని సిలికేట్లు కొద్దిగా మిగిలినా ఇసుక మీద గోధుమరంగు పొర పట్టేస్తుంది. ఆర్‌ఓ తర్వాత, మిగిలిన లవణాలను కూడా పట్టేసే డీఐ (డీఅయొనైజేషన్) కార్ట్రిడ్జ్ ఒకటి బిగిస్తే సరిపోతుంది.

అపోహ: "చిన్న ట్యాంక్ కాబట్టి పని తక్కువ."

వాస్తవం: దీని దగ్గరే ఎక్కువ పగడాలు పోతాయి. ఆవిరయ్యేది నీరు మాత్రమే, ఉప్పు ట్యాంకులోనే ఉండిపోతుంది. 60 లీటర్ల ట్యాంకులో రోజుకో లీటరు ఆవిరైతే, వారం ఊరెళ్ళి వచ్చేసరికి 35 ఉన్న ఉప్పు 39 దాటుతుంది. పెద్ద ట్యాంక్ తట్టుకుంటుంది, ఇది తట్టుకోదు. తగ్గిన నీటి స్థానంలో ఉప్పు లేని నీటినే పోయాలి, ఏరోజుకారోజు పోయాలి.

ఇక వేడి. పగడాలకు 24 నుంచి 27 డిగ్రీలు హాయి. ఫ్యాన్ పెడితే చల్లబడుతుందంటారు. రాయగడ వైపు పొడిగాలిలో బాగానే పనిచేస్తుంది. బరంపురం ఉక్కపోతలో నీరు త్వరగా ఆవిరికాదు కాబట్టి ఫ్యాన్ ప్రభావం తక్కువే. మే, జూన్‌లలో ఏసీ గదో, నీటిని చల్లబరిచే చిల్లర్ యంత్రమో తప్పదు. తుఫాను సంగతి వేరే చెప్పాలా? 2013లో ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది. కరెంటు పోతే లైట్ల గురించి టెన్షన్ పడకండి, రెండు మూడు రోజుల చీకటికి పగడాలు చావవు. నీటి కదలిక ఆగితే మాత్రం గంటల్లోనే ఆక్సిజన్ పడిపోతుంది. బ్యాటరీతో నడిచే ఎయిర్ పంపు ఒకటి ఇంట్లో పెట్టుకోండి.

అపోహ: "నైట్రేట్, ఫాస్ఫేట్ సున్నా ఉంటేనే నీళ్ళు శుభ్రం."

వాస్తవం: సున్నా అయితే పగడాలు పాలిపోతాయి. నైట్రేట్ 2 నుంచి 10, ఫాస్ఫేట్ 0.03 నుంచి 0.1 పీపీఎం (అంటే లీటరుకు మిల్లీగ్రాములు) మధ్య ఉంటే చాలు. ఆల్కలినిటీ, అంటే ఆమ్లాన్ని తట్టుకునే నీటి గుణం, టెస్ట్ కిట్ చూపే డీకేహెచ్ లెక్కలో 8 అయినా 9 అయినా ఫరవాలేదు, ఈరోజు 7, రేపు 10 అయితేనే ప్రమాదం. కాబట్టి అంకె నచ్చలేదని సీసాలకు సీసాలు పోసెయ్యకండి.

అపోహ: "తెల్లబడిందంటే చచ్చిపోయినట్టే."

వాస్తవం: లోపల ఉండి తిండి పెట్టే సూక్ష్మ శైవలాన్ని వేడికో, ఎక్కువ వెలుతురుకో పగడం బయటికి తోసేస్తుంది. పైన సన్నటి పొర మిగిలి ఉంటే అది ఇంకా బతికే ఉంది. వేడి సరిచేసి, లైటు తగ్గించి, కొన్ని వారాలు ఓపిక పట్టండి. ఆ పొర పోయి, ఎముకలాంటి గట్టి గూడు మీద పచ్చటి నాచు పట్టిందంటే మాత్రం ఆశ వదులుకోవచ్చు.

అపోహ: "జొయాంథిడ్‌లు ముద్దుగా ఉంటాయి, ఏమీ చెయ్యవు."

వాస్తవం: జొయాంథిడ్‌లంటే రాళ్ళ మీద గుంపుగా పెరిగే, చిన్న పువ్వుల్లాంటి పగడాల చుట్టాలు. వాటిలో కొన్నింట్లో పాలీటాక్సిన్ అనే భయంకరమైన విషం ఉంటుంది. అవి పట్టిన రాయిని వేడినీటిలో ఉడకబెట్టకండి, బ్రష్‌తో గట్టిగా తోమకండి. ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైన వాళ్ళున్నారు. గ్లవ్స్, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోకండి, పిల్లల్ని దూరంగా ఉంచండి.

అపోహ: "అండమాన్ నుంచి తెచ్చిన పగడమైతే ఇంకా మంచిది."

వాస్తవం: దిబ్బలు కట్టే గట్టి పగడాలు, నల్ల పగడాలు, సముద్రపు విసనకర్రలు (సీ ఫ్యాన్ పగడాలు) 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. మన సముద్రంలోంచి వాటిని తీయడం, అమ్మడం నేరం. అమ్మేవాణ్ణి జాతి పేరు, ఎక్కడ పెంచిందో బిల్లు మీద రాసిమ్మనండి. నసిగితే కొనకండి.